ఫోన్‌లో చెరిపిన మెయిల్ ల్యాప్‌టాప్‌లో ఎందుకు పోదు?

పద్మపూర్‌లో మన ఇళ్లలో ఒకే జీమెయిల్ ఖాతా నాన్నగారి ఫోన్‌లోనూ, పిల్లల ల్యాప్‌టాప్‌లోనూ ఉండడం మామూలే. ఫోన్‌లో చెరిపిన మెయిల్ ల్యాప్‌టాప్‌లో కనబడితే వైరస్ అని కంగారు పడతాం. చాలాసార్లు కారణం అది కాదు.

మెయిల్ అసలు ఉండేది సర్వర్‌లో. పాత పద్ధతి పాప్‌లో కంప్యూటర్ నకలు దించుకుంటుంది. ఆ నకలు చెరిపినా సర్వర్‌లోది అలాగే ఉండవచ్చు. 1986లో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమ్యాప్‌లో అన్ని పరికరాలూ సర్వర్‌లోని ఒకే పెట్టెను చూస్తాయి, ఒకచోట తీస్తే అన్నిచోట్లా పోతుంది. అవుట్‌లుక్‌లో ఖాతా పాప్‌గా ఉంటే ఐమ్యాప్‌గా మళ్లీ చేర్చుకోవాలి. పాతది తీసే ముందు మాత్రం ఆగండి. కొన్ని మెయిళ్లు ఆ కంప్యూటర్‌లోనే మిగిలి ఉండవచ్చు, వాటిని వేరేచోట దాచుకోండి.

ఫోన్‌లో సింక్ ఆగిపోయినా, సిగ్నల్ లేకపోయినా మీరు చెరిపిన సంగతి సర్వర్‌కు చేరదు. జీమెయిల్‌లో వేలితో పక్కకు తోస్తే, సెట్టింగ్ మార్చకపోతే, మెయిల్ పోదు, ఆర్కైవ్‌లోకి వెళుతుంది. మనలో ఎక్కువమంది పడే పొరపాటు ఇదే!

ఇది చిన్న విషయం కాదు. ఫోటోలు, డ్రైవ్, మెయిల్ అన్నిటికీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అది నిండితే కొత్త మెయిల్ రాదు, అబ్బాయి ఇంటర్వ్యూ లెటరైనా పంపినవారికే తిరిగి పోతుంది. చెరిపినవి ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి, అన్నాళ్లూ చోటు ఆక్రమిస్తాయి. తొందరైతే ట్రాష్ ఖాళీ చేయండి, కానీ బ్యాంకు కాగితాలు అందులో లేవని చూసుకున్నాకే.