పాలపళ్ళు పొట్టలోనే మొదలవుతాయి

బిడ్డకు మొదటి పన్ను సుమారు ఆరో నెలలో కనబడుతుంది. అన్నప్రాశన కూడా అప్పుడే. కాబట్టి పళ్ళ సంగతి అప్పుడు చూసుకుందాంలే అనుకుంటాం. నిజానికి ఆ పని అంతకు చాలా ముందే మొదలైపోతుంది. గర్భం వచ్చిన ఆరో వారం ప్రాంతంలోనే బిడ్డ దవడలో పాలపళ్ళ మొగ్గలు ఏర్పడతాయి. నాలుగో నెల నుంచి అవి గట్టిపడటం మొదలవుతుంది. మనం సీమంతం చేసి గాజులు తొడిగే నాటికే, ఆ పొట్టలో 20 పాలపళ్ళు తయారవుతూ ఉంటాయన్నమాట.

అందుకే చిన్నపిల్లల పిప్పిపళ్ళ గురించి మాట్లాడాలంటే తల్లి నోటి దగ్గరే మొదలుపెట్టాలి.

పన్ను పుచ్చడానికి ముఖ్య కారణం స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే సూక్ష్మజీవి. మనం తిన్న తీపిని అది ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లం పంటి పైపొరను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. ఇది ఒకరి ఉమ్మి ద్వారా ఇంకొకరికి చేరుతుంది. ఉగ్గు వేడిగా ఉందేమో అని అమ్మ రుచి చూసి, అదే చెంచాతో బిడ్డకు పెడుతుంది. కిందపడ్డ పాలపీకను నోట్లో పెట్టుకుని తుడిచి మళ్ళీ ఇస్తుంది. అమ్మమ్మ మెత్తగా నమిలి పెడుతుంది. ఇవన్నీ ప్రేమతో చేసేవే. కానీ పెట్టేవాళ్ళ నోట్లో పిప్పిపళ్ళు ఎక్కువ ఉంటే ఈ సూక్ష్మజీవి బిడ్డకు తొందరగా, ఎక్కువగా చేరుతుంది. బిడ్డను ముద్దు పెట్టుకోవద్దని దీని అర్థం కాదు. కాన్పుకు ముందే తల్లి తన పిప్పిపళ్ళకు వైద్యం చేయించుకుంటే చేరేది తగ్గుతుంది. నాన్న, అమ్మమ్మ, నానమ్మ కూడా చేయించుకోవాలి. అన్నీ తల్లి మీదే వేస్తే ఎలా?

ఇక గర్భిణి సంగతి. "బిడ్డ తల్లి పళ్ళలోని కాల్షియం లాగేసుకుంటుంది, అందుకే కాన్పుకో పన్ను పోతుంది" అనే మాట మన ఇళ్ళలో వింటూనే ఉంటాం. ఇది నిజం కాదు. తిండిలో కాల్షియం చాలకపోతే తల్లి ఎముకల నుంచి పోతుంది గానీ పళ్ళ నుంచి కాదు. పళ్ళు పాడవడానికి అసలు కారణాలు వేరు. వేవిళ్ళప్పుడు కడుపులోని ఆమ్లం పళ్ళకు తగులుతుంది. మాటిమాటికీ ఏదో ఒకటి తినాలనిపిస్తుంది. బ్రష్ నోట్లో పెట్టగానే వికారం వస్తుంది కాబట్టి తోముకోవడం తగ్గుతుంది. హార్మోన్ల వల్ల చిగుళ్ళు ఉబ్బి, తోమితే రక్తం వస్తుంది. రక్తం చూసి భయపడి తోమడం మానేస్తే చిగుళ్ళు ఇంకా పాడవుతాయి.

చేయగలిగినవి సులువైనవే:

వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకూడదు, అప్పుడు పంటి పైపొర మెత్తబడి ఉంటుంది. గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంట ఆగి తోముకోవాలి.

ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకి రెండుసార్లు, మెత్తటి చిన్న బ్రష్‌తో తోముకోవాలి. పొద్దున్నే వికారంగా ఉంటే కాస్త ఆగి తోముకున్నా ఫరవాలేదు.

తీపి తినాలనిపిస్తే భోజనంతో పాటే తినేయడం మంచిది. రోజంతా కొంచెం కొంచెంగా చప్పరిస్తే పళ్ళకు ఎక్కువ చేటు.

పళ్ళ డాక్టరుకు తాను గర్భవతినని, ఎన్నో నెలో ముందే చెప్పాలి. ఏ నెలలోనైనా చూపించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరో నెల వరకు కుర్చీలో పడుకోవడం సుఖంగా ఉంటుంది కాబట్టి ఆ సమయం అనుకూలం. అవసరమైతే తగిన జాగ్రత్తతో ఎక్స్‌రే తీయవచ్చు, లిడోకెయిన్ మత్తు ఇంజెక్షనూ ఇవ్వవచ్చు. మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకోవడం మాత్రం వద్దు. టెట్రాసైక్లిన్ బిడ్డ పళ్ళకు రంగు పట్టిస్తుంది. ఐబుప్రొఫెన్ లాంటివి 20 వారాలు దాటాక బిడ్డకు హాని చేయవచ్చు.

మా బంధువుల్లో ఒక అక్కకి ఏడో నెలలో పన్నునొప్పి వచ్చింది. "ఇప్పుడు పన్ను ముట్టుకోకూడదు, కాన్పు కానీ" అన్నారు పెద్దవాళ్ళు. ఒక క్లినిక్‌లో కూడా అదే మాట చెప్పి పంపేశారు. చెంప వాచి, రెండు వారాలు సరిగ్గా తినలేక, నిద్రలేక బాధపడింది. బిడ్డ కోసం బాగా తినాల్సిన నెలల్లో తల్లి తిండి మానేస్తే అది బిడ్డకు జాగ్రత్త ఎలా అవుతుంది?

బిడ్డ పుట్టాక కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టకూడదు. నిద్రలో ఉమ్మి తక్కువగా ఊరుతుంది, పాలలోని తీపి పళ్ళ చుట్టూ నిలిచిపోతుంది. పీకకు పంచదార, తేనె రాయకూడదు. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలే పనికిరాదు. పన్ను రాగానే బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో పెద్దవాళ్ళే తోమాలి. పై ముందుపళ్ళ మీద చిగురు దగ్గర సుద్దలాంటి తెల్లగీత కనిపిస్తే అది పుచ్చుకు తొలి గుర్తు. అప్పుడే చూపిస్తే ఆపవచ్చు. ఏమీ లేకపోయినా మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి చూపించాలి.

"పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అంటారు. కానీ పాల దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్కపళ్ళు జరిగి, రావలసిన పంటికి చోటు తగ్గుతుంది. కన్నడంలో పన్నును 'హల్లు' అంటారు, పాలపన్ను 'హాలు హల్లు'. మన హల్లుల్లో త, ద, న దంత్యాలని వ్యాకరణంలో చదువుకున్నాం. ముందుపళ్ళు తొందరగా పోయిన కొందరు పిల్లలకు ఇలాంటి కొన్ని అక్షరాలు పలకడం కష్టమవుతుంది కూడా.

ప్రతి నెల 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ రోజు తాయి కార్డు పట్టుకుని వెళ్ళే అక్కకో వదినకో తోడుగా వెళ్తే, "పళ్ళు ఎక్కడ చూపించాలి?" అని కూడా అడగండి. బెంగళూరులో అయితే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. బరువు చూస్తారు, రక్తం చూస్తారు, బీపీ చూస్తారు. నోరు తెరిచి చూడమని మనం అడిగితే తప్పేం లేదు.