పాత బోటు ఇంజిన్‌ బాగు చేయించాలా, కొత్తది కొనాలా? 240 గంటల లెక్క

వరంగల్‌ చుట్టుపక్కల ఏదో ఒక చెరువులో సెలవు రోజుల్లో తిరిగే స్పీడు బోటు ఉందనుకుందాం. వెనక బిగించింది 40 హెచ్‌పీ టూస్ట్రోక్‌ ఇంజిన్‌. పదేళ్ల పాతది. పొద్దున్నే స్టార్ట్‌ కానని మొరాయిస్తోంది. పొగ ఎక్కువైంది. అయిదుగురు ఎక్కితే లాగడం లేదు. మెకానిక్‌ విప్పి చూసి, "బోరు పోయింది. ఇంజిన్‌ పని చేయించాలె, తొంభై వేలైతది. లేకుంటే కొత్తది చూసుకోండ్రి" అన్నాడు. కొత్త ఫోర్‌స్ట్రోక్‌ ఇంజిన్‌కు చెప్పిన ధర అయిదున్నర లక్షలు.

ఇలాంటప్పుడు చాలామంది వాడే సూత్రం ఒకటుంది. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొను, దాటకపోతే బాగు చేయించు. ఆ ప్రకారం ఇక్కడ ఆలోచించాల్సిన పనే లేదు. అయిదున్నర లక్షల్లో తొంభై వేలంటే 16 శాతం. బాగు చేయించడమే.

నా ఉద్దేశంలో ఈ సూత్రం బోటు ఇంజిన్‌కు పనికిరాదు. ఆ బోటు ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుందో, గంటకు ఎంత పెట్రోలు తాగుతుందో అది అడగదు. అసలు ఖర్చంతా ఆ రెండు అంకెల్లోనే ఉంది.

ముందు గంటల సంగతి. కారు వయసు కిలోమీటర్లలో చూస్తాం, బోటు ఇంజిన్‌ వయసు గంటల్లో చూడాలి. బాగా చూసుకున్న పెట్రోలు బోటు ఇంజిన్‌ పెద్ద పని లేకుండా సుమారు 1,500 గంటలు నడుస్తుందన్నది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క. గంటకు 60 కిలోమీటర్ల చొప్పున కారుకి అన్వయిస్తే 90 వేల కిలోమీటర్లే. కారు ఇంజిన్‌ అంతకు రెట్టింపు సులువుగా నడుస్తుంది కదా, బోటుకెందుకంత తక్కువ? కారు ఒకసారి వేగం అందుకున్నాక తన శక్తిలో కొద్ది భాగమే వాడుకుంటుంది, పల్లంలో ఆ మాత్రం కూడా అక్కర్లేదు. నీళ్లమీద పల్లం ఉండదు. యాక్సిలరేటర్‌ వదిలితే బోటు ఆగిపోతుంది. నడిచినంతసేపూ బురద పొలంలో దమ్ము చేస్తున్న ట్రాక్టరు పడేంత కష్టం పడుతూనే ఉంటుంది.

కాబట్టి మెకానిక్‌ని మొదట అడగాల్సింది బిల్లు ఎంతని కాదు, కంప్రెషన్‌ ఎంతుందని. స్పార్క్‌ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌కు గేజ్‌ పెట్టి, ఇంజిన్‌ను తిప్పి చూసే పరీక్ష ఇది. అరగంట పని. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 120, 116, 118 వస్తే ఆ ఇంజిన్‌ లోపల ఆరోగ్యంగానే ఉంది. 120, 118, 85 వస్తే మూడో సిలిండర్‌ పోయినట్టే. 10 శాతం లోపు తేడా మామూలే, 15 దాటితే అనుమానించాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్‌ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులో, బోరో అరిగాయి. పెరగకపోతే తప్పు హెడ్‌ గ్యాస్కెట్‌ది కావచ్చు, ఫోర్‌స్ట్రోక్‌ అయితే వాల్వులదీ కావచ్చు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేసారి పడిపోతే ముందు గ్యాస్కెట్‌నే అనుమానించాలి. గ్యాస్కెట్‌ మార్చే ఖర్చుకూ బోరు పనికయ్యే ఖర్చుకూ పోలికే లేదు.

ఈ పరీక్ష చేయకుండా ఇంజిన్‌ విప్పనివ్వకండి. "పోయింది" అనిపించే ఇంజిన్లలో చాలావాటికి బోరు బాగానే ఉంటుంది. పాడైంది ఇంధనం. మనకిప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీటి పాలు ఒక హద్దు దాటితే ఇథనాల్‌, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు చేరతాయి. రోజూ తిరిగే మోటారు సైకిల్‌కు ఇది పెద్ద చిక్కు కాదు. వానాకాలమంతా చెరువు గట్టున ఊరికే నిలబడే బోటుకు పెద్ద చిక్కే. కార్బొరేటర్‌లో జిగురు పడుతుంది, పాత రబ్బరు పైపులు మెత్తబడి పొడి రాలుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌ శుభ్రం చేసి, పైపులూ ఫిల్టరూ మారిస్తే కొన్ని వేలతో పోయే జబ్బుకు తొంభై వేల వైద్యం చేయించుకోకూడదు.

రెండో అనుమానితుడు నీటి పంపులోని ఇంపెల్లర్‌. ఇది రబ్బరు రెక్కల చిన్న చక్రం. చెరువు నీటిని పైకి లాగి ఇంజిన్‌ను చల్లబరచడం దాని పని. సముద్రంలో తిరిగే బోటుకు ఉప్పు శత్రువు. మన చెరువుల్లో ఉప్పు లేదు, అది మన అదృష్టం. కానీ పూడిక ఉంది, గుర్రపుడెక్క ఉంది. భద్రకాళి చెరువును 2024 నవంబరులో పూడిక తీయడానికి ఖాళీ చేసినప్పుడు అడుగున పేరుకున్న ఒండ్రు ఎంతో నగరమంతా చూసింది. వేసవిలో నీరు తగ్గిన చెరువులో బోటు నడిపితే ఆ బురదే పంపులోకి వెళ్లి రబ్బరు రెక్కల్ని కోసేస్తుంది. ఇంజిన్‌ వెనక నుంచి సన్నని నీటి ధార వస్తుంటుంది చూడండి, అది సన్నబడితే బోటును వెంటనే ఒడ్డుకు తేవాలి. అయిదు నిమిషాలు అలక్ష్యం చేస్తే పిస్టన్‌ పట్టేస్తుంది. ఆ తర్వాత వచ్చే బిల్లే తొంభై వేలది. ఏటా సీజన్‌ ముందు ఇంపెల్లర్‌ను విప్పి చూడడం, రెండేళ్లకోసారి ఎలా ఉన్నా మార్చేయడం మంచి పద్ధతి.

పరీక్ష అయింది. నిజంగానే బోరు పోయింది. ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. ఇక్కడి ధరలు లెక్క చూపడానికి వేసుకున్నవి. మీకు చెప్పిన ధరలు పెట్టి ఇదే వరసలో చేసుకోండి.

పాత కార్బొరేటర్‌ టూస్ట్రోక్‌ ఇంజిన్‌ ఒకసారి నెమ్మదిగా, ఒకసారి వేగంగా తిరుగుతూ సగటున గంటకు 12 లీటర్లు తాగుతుందనుకుందాం. అదే పని కొత్త ఫోర్‌స్ట్రోక్‌ ఎనిమిదిన్నర లీటర్లతో చేస్తుంది. మూడున్నర లీటర్ల తేడా, లీటరు 107 రూపాయల చొప్పున గంటకు 375 రూపాయలు. పాతదానికి పెట్రోలులో ఆయిల్‌ కలపాలి. 50 పాళ్లకు ఒక పాలు చొప్పున 12 లీటర్లకు 240 మిల్లీలీటర్లు. లీటరు ఆయిల్‌ 400 అనుకుంటే గంటకు 96 రూపాయలు. రెండూ కలిపి 471. కొత్తదానికి ఆయిల్‌ మార్పిడి ఉంటుంది కాబట్టి గంటకు ఓ 26 రూపాయలు తీసేద్దాం. మిగిలేది గంటకు 445 రూపాయలు.

కొత్త ఇంజిన్‌ అయిదున్నర లక్షలు. పాతది ఇచ్చేస్తే 50 వేలు వస్తుందనుకుంటే చేతి నుంచి పడేది అయిదు లక్షలు. రిపేరుకైతే 90 వేలు. తేడా 4 లక్షల 10 వేలు. దాన్ని 445తో భాగించండి. 921 గంటలు. అంటే 921 గంటలు తిరిగాక కొత్త ఇంజిన్‌ తన అదనపు ధరను పెట్రోలులోనే తిరిగి ఇచ్చేస్తుంది.

921 గంటలు ఎక్కువా, తక్కువా? అది పూర్తిగా మీ బోటును బట్టే. శని, ఆదివారాల్లో రోజుకు నాలుగేసి గంటల చొప్పున, ఏడాదిలో 50 వారాలు తిరిగే బోటు 400 గంటలు నడుస్తుంది. దానికి రెండేళ్ల నాలుగు నెలల్లో సొమ్ము తిరిగొస్తుంది. ఏడాదికి 100 గంటలే తిరిగే సొంత బోటుకు తొమ్మిదేళ్లకు పైగా పడుతుంది.

అప్పు తెచ్చి కొనేవాళ్లకు తేడా ఇంకా స్పష్టం. ఆ 4 లక్షల 10 వేలకు 11 శాతం వడ్డీ అంటే మొదటి ఏడాదికి 45,100. వంద గంటల బోటుకు పెట్రోలులో మిగిలేది 44,500. వడ్డీకే చాలదు! అటువంటి బోటుకు కొత్త ఇంజిన్‌ కొనమని ఎవరు చెప్పినా వినకండి. అదే అప్పును అయిదేళ్ల వాయిదాల్లో తీరుస్తే ఏడాదికి కట్టేది దాదాపు లక్షా 7 వేలు. గంటకు 445 మిగిలితే ఆ వాయిదా తనంతట తాను కట్టుకోవడానికి ఏడాదికి 240 గంటలు తిరగాలి. వారానికి నాలుగున్నర గంటల పైమాట. శీర్షికలోని 240 ఇదే. మీ బోటు దీనికి ఏ పక్కన ఉందో చూసుకోండి.

ఈ లెక్క కొత్త ఇంజిన్‌కు కొంచెం అన్యాయమే చేస్తోంది. లేత్‌లో బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు వేయించిన ఇంజిన్‌ మళ్లీ 1,500 గంటలు నడుస్తుందనుకోకూడదు. మిగిలినవన్నీ పాతవే కదా: క్రాంకు, గేరు పెట్టె, వైరింగు, కరెంటు కాయిళ్లు. ఒకవేళ 700 గంటలకే ఇంకో 90 వేల పని పడితే, లెక్క 921 దగ్గర కాదు, 720 గంటల దగ్గరే తేలిపోతుంది. పైగా పని జరుగుతున్నన్నాళ్లు బోటు గట్టున ఉంటుంది. విడిభాగాలు చెన్నై నుంచో ముంబై నుంచో రావాలంటే రెండు ఆదివారాలు పోయినా పోతాయి. టికెట్ల మీద బతికే వాళ్లకు ఆ రెండు ఆదివారాలూ బిల్లులో కనిపించని ఖర్చు.

పాత టూస్ట్రోక్‌ గురించి నాకు అన్నిటికంటే బాధ కలిగించే అంకె వేరే ఉంది. కార్బొరేటర్‌ టూస్ట్రోక్‌ ఇంజిన్‌లో కొత్త పెట్రోలు లోపలికి వచ్చేటప్పుడే పొగ బయటికి పోయే ద్వారమూ తెరిచి ఉంటుంది. దాంతో పోసిన పెట్రోలులో పాతిక శాతం వరకూ మండకుండానే బయటికి పోతుంది. గంటకు 12 లీటర్లలో 3 లీటర్లు. ఏడాదికి 400 గంటలు తిరిగితే 1,200 లీటర్లు, ఆయిల్‌తో సహా. బోటు పొగగొట్టం నీళ్లలోనే ఉంటుంది కాబట్టి అందులో కొంత నేరుగా చెరువులో కలుస్తుంది. అమెరికాలో 1996లో తెచ్చిన కాలుష్య నిబంధనలు 2006 నాటికి పూర్తిగా అమలయ్యేసరికి ఈ రకం కొత్త ఇంజిన్లకు అక్కడి మార్కెట్లో దాదాపు చోటు లేకుండా పోయింది. మన చెరువులు విహారానికి మాత్రమే ఉన్నవి కావు. పాకాల, లక్నవరం, రామప్ప కాకతీయులు పొలాలకు నీళ్లివ్వడానికి కట్టినవి, ఎనిమిది వందల ఏళ్లుగా ఇస్తున్నవి. ధర్మసాగరం నీళ్లు వరంగల్‌ నగరం తాగుతోంది. ఏడాదికి 240 గంటల దరిదాపుల్లో ఉండి ఎటూ తేల్చుకోలేని యజమాని ఎవరైనా నన్నడిగితే ఈ ఒక్క కారణంతోనే కొత్తది కొనమంటాను.

ఇక మిగతా దారులు. సెకండ్‌ హ్యాండ్‌ ఇంజిన్‌ కొనడం అన్నిటికంటే ప్రమాదకరం. ఎన్ని గంటలు తిరిగిందో, ఒకసారి పట్టేసి రంగు వేసుకొని వచ్చిందో తెలియదు. కొనక తప్పకపోతే కంప్రెషన్‌ మీ ముందే చూపించమనండి. పెద్ద ప్రయాణికుల బోట్ల డీజిల్‌ ఇంజిన్లకు తీర్పు తిరగబడుతుంది. లైనర్లు మార్చుకునే వీలుంటుంది, పాతదానికీ కొత్తదానికీ ఇంధనంలో తేడా తక్కువ, కాబట్టి సాధారణంగా బాగు చేయించడమే మేలు. బ్యాటరీ మోటారు నెమ్మదిగా తిరిగే పడవకు చక్కగా సరిపోతుంది. స్పీడు బోటుకు మాత్రం 40 హెచ్‌పీ అంటే 30 కిలోవాట్లు. గంటసేపు పూర్తి వేగంతో తిప్పాలంటే 30 యూనిట్ల బ్యాటరీ మోయాలి.

స్కీ బోట్లు మన దగ్గర అరుదు గానీ, అమెరికాలో సరస్సుల పక్కన ఉంటూ పాతది కొనుక్కునే మనవాళ్లున్నారు. వాటిలో చాలావాటికి 5.7 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌ ఉంటుంది. మూలం కారు ఇంజినే. అలాగని కారు స్టార్టరు, కారు ఆల్టర్నేటరు తగిలిస్తే బోటు అడుగున చేరిన పెట్రోలు ఆవిరికి నిప్పు రవ్వ తగిలి పేలుడు జరగవచ్చు. బోటు విడిభాగాలే వేయాలి. అక్కడి చలికాలంలో ఇంజిన్‌లో నీళ్లు మిగిలిపోతే గడ్డకట్టి 9 శాతం వ్యాకోచించి బ్లాకునే పగలగొడతాయి. పగిలిన బ్లాకుకు రిపేరు మాట ఎత్తకూడదు, తిరిగి తయారు చేసిన ఖాళీ ఇంజిన్‌ తెచ్చి పాత సామాను దానికి బిగించుకోవడం మధ్యేమార్గం.

కొత్తది కొనేవాళ్లు డీలర్‌ను తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బోటు ఇంజిన్ల తయారీదారుల్లో చాలామంది 10 శాతం ఇథనాల్‌ వరకే అనుమతిస్తారు. మన బంకులో ఉన్నది 20. ఆ పెట్రోలు పోస్తే వారంటీ నిలుస్తుందా లేదా అన్నది నోటిమాటగా కాదు, కాగితం మీద రాయించుకోండి. బోటు రిజిస్ట్రేషన్‌ కాగితాల్లో ఇంజిన్‌ నంబరు మార్పించడమూ మరవకండి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం వచ్చింది. యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషన్‌, తనిఖీ ఇప్పుడు తప్పనిసరి.

పై లెక్కలన్నీ యజమాని జేబుకు సంబంధించినవి. ప్రయాణికుల సంగతి వేరు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్‌ వశిష్ట అనే విహార బోటు మునిగినప్పుడు అందులో మన కాజీపేట పక్కనున్న కడిపికొండ వాళ్లూ ఉన్నారు. అది వరద గోదావరి, మనవి నిలకడ నీళ్ల చెరువులు, రెంటికీ పోలిక లేదు. అయినా ఈదురుగాలి లేచిన సాయంత్రం చెరువు నడుమ ఇంజిన్‌ ఆగిపోతే బోటు మన చేతిలో ఉండదు. కాబట్టి బోటు యజమానులకు నా విన్నపం: కొత్తది కొనే డబ్బు లేకపోతే బాగు చేయించండి, అదీ కుదరకపోతే కుదిరేదాకా బోటును గట్టునే ఉంచండి. సిలిండర్ల మధ్య 15 శాతానికి మించి తేడా ఉన్న ఇంజిన్‌తో ఒక్క ట్రిప్పు కూడా వేయకండి. ఎక్కేవాళ్లూ లైఫ్‌ జాకెట్‌ బకిల్‌ బిగించేదాకా బోటు కదలనివ్వకండి.