మొలకలు: ఇంటికో వాదం, మనిషికో మాట!

పొద్దున్నే వాకింగ్ నుంచి వచ్చిన ఇంటాయనకి గిన్నెడు పచ్చి మొలకలు కావాలి. "వాతంరా అబ్బాయ్, కడుపుబ్బరం చేస్తుంది" అంటారు అత్తగారు. పిల్లలేమో పచ్చి వాసనంటూ ముక్కు మూసుకుంటారు. పురిటికి వచ్చిన ఆడపడుచుని "బలం కదా, తినమ్మా" అని ఒకరు బలవంతపెడితే, "ఈ రోజుల్లో వద్దు" అని ఇంకొకరు అడ్డుపడతారు. అందరి మాటా విని, అందరికీ వడ్డించాల్సింది మాత్రం మీరు!

మరి ఎవరి మాట నమ్మాలి? చిత్రమేమిటంటే, దాదాపు అందరి మాటలోనూ సగం నిజం ఉంది. "మంచివా, చెడ్డవా" అని వాదించుకుంటాం గానీ, అడగాల్సిన ప్రశ్న వేరు: పచ్చివా, ఉడికించినవా? తినేది ఎవరు?

తినమనేవారి మాట

ప్రకృతి వైద్యం మీద నమ్మకం ఉన్నవారికి మొలకలు సజీవాహారం. మంతెన సత్యనారాయణరాజు గారి ఉపన్యాసాలు, పుస్తకాలు వచ్చాక మన తెలుగిళ్ళలో ఎంతోమంది పొద్దుటిపూట ఇడ్లీ, పూరీలు మాని మొలకల గిన్నె పట్టారు. వారి మాటలో నిజం లేకపోలేదు. ఎండు పెసల్లో 'సి' విటమిన్ దాదాపు ఉండదు. మొలక రాగానే అది తయారవుతుంది. ఇనుమును ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుపడే ఫైటేట్లనే పదార్థాలు తగ్గుతాయి. రక్తహీనతతో బాధపడే ఆడవాళ్ళకి ఇది మంచి కబురే. గ్యాసు పుట్టించే కొన్నిరకాల చక్కెరలు కూడా మొలకెత్తేటప్పుడు తగ్గిపోతాయి.

అయితే "మొలకెత్తిస్తే మాంసకృత్తులు రెట్టింపవుతాయి" అన్న మాట మాత్రం నమ్మకండి. వంద గ్రాముల ఎండు పెసల్లో మాంసకృత్తులు 22 నుంచి 24 గ్రాముల దాకా ఉంటాయి. నాని మొలకెత్తాక ఆ పెసల బరువు రెట్టింపు దాటుతుంది. పెరిగింది నీరే! కాబట్టి వంద గ్రాముల మొలకల్లో మాంసకృత్తులు అందులో సగం కూడా ఉండవు.

వద్దనేవారి మాట

మొలకెత్తిన ధాన్యాలు గురుపదార్థాలనీ, వాతం చేస్తాయనీ ఆయుర్వేద వైద్యులు అంటారు. అత్తగారి మాటకి మూలం అదే. దాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. పచ్చి పప్పుగింజల్లో మాంసకృత్తుల్ని అరగనివ్వని పదార్థాలు కొన్ని ఉంటాయి. మొలకెత్తినప్పుడు అవి కొంత తగ్గినా, వేడి తగిలితేనే బాగా తగ్గుతాయి. అరుగుదల మందగించిన పెద్దవారికి పచ్చి మొలకలు బరువుగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

మన పెద్దవాళ్ళకి మొలకలు కొత్త కాదు. శ్రావణ మంగళవారం నోములో వాయనంగా వచ్చిన శనగలు మర్నాటికి మొలక కడితే ఏం చేసేవారు? ఉడకబెట్టి, పోపు పెట్టి గుగ్గిళ్ళు చేసేవారు. మహారాష్ట్రవాళ్ళు మొలకల్ని ఇష్టంగా తింటారు. వాళ్ళ ఉసల్, మిసల్ రెండూ ఉడికించి చేసేవే.

అసలు భయం ఎక్కడుంది?

గింజ మొలకెత్తడానికి కావలసినవి తడి, వెచ్చదనం. కంటికి కనిపించని క్రిములు పెరగడానికి కావలసినవీ అవే! గింజ మీద కాసిన్ని క్రిములున్నా, గుడ్డలో మూటగట్టిన ఆ ఒకటి రెండు రోజుల్లో అవి అనేక రెట్లు పెరుగుతాయి. ఎంత కడిగినా పూర్తిగా పోవు. "బజారువి కావు కదా, ఇంట్లో చేసినవే" అన్న ధీమా కూడా పనికిరాదు. క్రిములు గింజతోనే ఇంట్లోకి వస్తాయి మరి.

1996లో జపాన్‌లోని సకాయ్ నగరంలో వేలాదిమంది బడిపిల్లలు జబ్బుపడితే, ముల్లంగి మొలకల మీదే అనుమానం పోయింది. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు. 50 మందికి పైగా చనిపోయారు. వందలమందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అలా దెబ్బతిన్నవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళే, అదీ వయసు వచ్చినవాళ్ళే!

"శ్రీరామనవమికి వడపప్పు పచ్చిదే తింటున్నాం కదా?" అని మీరు అడగవచ్చు. వడపప్పు నానేది కొద్ది గంటలే. మొలకలు రోజంతా, ఒక్కోసారి రెండు రోజులు వెచ్చని తడిలో ఉంటాయి. తేడా అక్కడే.

ఎవరికి ఎలా పెట్టాలి?

గర్భిణులకి, పసిపిల్లలకి, వృద్ధులకి, జబ్బుతో నీరసించి ఉన్నవారికి పచ్చి మొలకలు వద్దేవద్దు. కొన్ని క్రిములు తల్లికి కాస్త జ్వరం తెప్పించి ఊరుకున్నా, కడుపులోని బిడ్డకి ప్రాణం మీదికి తేవచ్చు. ఆడపడుచుకి బలం కావాలంటే బాగా ఉడికించి పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి ప్రమాదం తక్కువే గానీ, లేకపోలేదు. వాళ్ళకీ ఆవిరి పట్టి ఇస్తేనే మీకు నిశ్చింత. 'సి' విటమిన్ కొంత పోతుంది, నిజమే. తినేముందు నిమ్మచెక్క పిండితే ఆ లోటు తీరుతుంది, ఇనుమూ ఒంటబడుతుంది. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం డాక్టరుని అడిగాకే తినాలి.

రాజ్మా గింజల్ని మొలకెత్తించినా పచ్చిగా తినకూడదు, విషపదార్థం ఉంటుంది. జొన్న మొలకలూ అంతే. లేత జొన్న మేసిన పశువులు చచ్చిపోతాయని మన రైతులకి తెలిసిందే కదా!

మొలక కట్టేటప్పుడు

* పొలంలో చల్లడానికి అమ్మే విత్తనాలు ఎప్పుడూ వాడకండి. వాటికి మందు పట్టిస్తారు.
* గింజలు ఏరి, మూడు నాలుగుసార్లు కడిగి, మంచినీళ్ళలో ఎనిమిది గంటలు నానబెట్టండి. నానిన నీళ్ళు పారబోయండి.
* గుడ్డని మరిగే నీళ్ళలో వేసి తీసి, పిండి, అందులో వదులుగా మూటకట్టండి. చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవద్దు.
* ఎండాకాలం పన్నెండు గంటలకే మొలక వస్తుంది. చలికాలం రోజు దాటుతుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు కడగండి.
* మొలక రాగానే వండేయండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లోపు వాడేయండి. జిగురు కట్టినా, పులిసిన వాసన వచ్చినా జాలిపడకుండా పారేయండి.

మొలకల గుగ్గిళ్ళు

రెండు కప్పుల పెసర మొలకల్ని ఇడ్లీ పాత్రలో, గింజ లోపలి దాకా మెత్తబడేలా ఏడెనిమిది నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు, చిటికెడు ఇంగువ వేసి పోపు పెట్టి, మొలకలు, ఉప్పు వేసి కలపండి. దించాక కొబ్బరి కోరు, కొత్తిమీర చల్లి, నిమ్మకాయ పిండండి. పిల్లలు ఇది కూడా వద్దంటే అవే మొలకల్ని అల్లం, పచ్చిమిర్చితో రుబ్బి పెసరట్టు పోసేయండి. రెండువైపులా బాగా కాల్చారంటే, మొలకలని చెబితే తప్ప వాళ్ళు పోల్చుకోలేరు!

పచ్చివా, ఉడికినవా అన్న వాదం ఇంట్లో ఎంతకాలమైనా సాగనివ్వండి. ఆ లోపు మీ పొయ్యి మీద మాత్రం ఆవిరి రానివ్వండి.