దున్నే చేయి, పట్టాలోని పేరు

హంద్రీనది ఒడ్డున ఉన్న కోడుమూరు చుట్టుపట్ల, తొలకరి వాన కురిసిన తరువాత చూడండి. నల్లరేగడిలో ఒకరు పత్తి విత్తుతూ ఉంటారు. ఎర్రనేలలో మరొకరు వేరుశనగ విత్తుతూ ఉంటారు. వారిలో చేనుకు సొంతదారు ఎవరో, గుత్తకు తీసుకున్నవారెవరో గట్టున నిలిచి చూచేవారికి తెలియదు. విత్తనానికీ ఎరువుకూ ఇద్దరికీ అయ్యే ఖర్చు ఒక్కటే. గుత్తదారుకు పైపెచ్చు గుత్త సొమ్ము. అయినా ప్రభుత్వం రైతుకు పంపే డబ్బు మాత్రం వీరిద్దరినీ ఒకే కంటితో చూడదు. దానికి కారణమేమిటో శ్రోతలకు మనవి చేస్తాను.

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. సబ్సిడీ అన్న ఒక్క మాటతో మనం మూడు వేర్వేరు సొమ్ములను పిలుస్తున్నాం. పంట పెట్టుబడికి ఏటా ఇచ్చే సాయం ఒకటి. కరవువల్లనో, తుఫానువల్లనో పంటలో మూడో వంతు, అంతకు మించి పోయినప్పుడు ఇచ్చే రాయితీ రెండవది. బీమా పరిహారం మూడవది. ఊళ్ళో మాత్రం “డబ్బులు పడ్డాయా?” అన్న ఒక్క ప్రశ్నే మూడింటికీ చాలుతున్నది! నేను చెప్పబోయేది ముఖ్యంగా మొదటిదాన్ని గురించి.

కేంద్రప్రభుత్వం 2019 ఫిబ్రవరిలో ప్రారంభించిన పి.ఎం. కిసాన్ పథకం కుటుంబానికి ఏటా 6,000 రూపాయలు, మూడు విడతలుగా ఇస్తుంది. అదే ఏడు అక్టోబరులో వచ్చిన వై.ఎస్.ఆర్. రైతుభరోసాలో రాష్ట్రం 7,500 జతచేయగా మొత్తం 13,500 అయింది. 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవ దానిని 20,000గా నిర్ణయించింది. తొలి విడతలో కేంద్రం 2,000, రాష్ట్రం 5,000 ఇచ్చాయి. ఎకరమున్నా ఎనిమిదెకరాలున్నా మొత్తం ఒక్కటే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఇందుకు భిన్నంగా ఎకరానికి ఇంత అని లెక్కగట్టింది. చిన్నరైతుకు మన పద్ధతే మేలని నా అభిప్రాయం. కాని మెట్టలో పదెకరాలున్నవాడిని డెల్టాలోని పదెకరాల ఆసామితో పోల్చి పెద్దరైతు అనుకోవడం పొరపాటు.

ఈ డబ్బు కదిలే దారి భూమి రికార్డు. అందులోని పేరు, ఆధార్‌లోని పేరు, బ్యాంకు ఖాతా ఒకదానితో ఒకటి సరిపోవాలి. తండ్రి గతించినా పట్టా కొడుకు పేరుకు మారకపోతే విడత ఆగిపోతుంది. పైరు బాగున్నదా, ఎండినదా అని ఎవరూ అడగరు.

ఈ దారి పాతదే. కోడుమూరుకు సమీపానగల పత్తికొండలో 1827లో కలరాతో మరణించిన సర్ థామస్ మన్రో, అంతకు పూర్వం దత్తమండలాల కలెక్టరుగా రైతువారీ పద్ధతిని పాదుకొల్పాడు. పట్టాదారు పేరు వ్రాసి అతనివద్ద శిస్తు వసూలు చేయడం దాని పని. నాడు శిస్తు పైకి వెళ్ళిన దారినే నేడు సాయం క్రిందికి దిగుతున్నది. కోరుకో గుత్తకో సాగుచేసేవాడి పేరు ఆ పుస్తకంలో నాడూ లేదు.

ఈ లోపాన్ని సవరించడానికి 2011లో ఒక చట్టం వచ్చింది. సాగుచేసేవారికి ఋణ అర్హత కార్డులివ్వడం దాని ఉద్దేశం. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం దాని స్థానంలోకి వచ్చింది. ఇందులో పదకొండు నెలల ఒప్పందానికి భూస్వామి సంతకం ఉండితీరాలి. సాగుదారు పత్రానికి అదే మూలం. ఆ పత్రముంటే పంటరుణం, బీమా, నష్టపు రాయితీ అడగడానికి వీలుంటుంది. పి.ఎం. కిసాన్‌లో మాత్రం కౌలుదారుకు చోటు లేదు. రైతుభరోసా సైతం భూమిలేని ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీ కౌలుదారులకే పరిమితమైంది.

సంతకమంటే భూస్వామికి జంకు. కాగితం వ్రాసిస్తే చేను చేయిజారుతుందేమోనని అతని భయం. ఆ ఒప్పందంవల్ల యాజమాన్యానికి భంగం రాదని చట్టమే స్పష్టంగా చెబుతున్నది. గుత్త మాట్లాడుకునేనాడే, విత్తనం కొనకముందే, ఈ సంగతి కూడా మాట్లాడుకోవడం మంచిది. పత్రం గడువు పదకొండు నెలలే. మరుసటి ఏడు మళ్ళీ అడగవలసిందే.