డిగ్రీ చేతిలో.. దృష్టి పశువైద్యంపై
కోర్సు మారాలంటే ఇంటర్ జీవశాస్త్రమే కీలకం
వయసు దాటితే పాడి, ప్రాథమిక సేవల మార్గాలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి: బీకాం, బీఏ, బీఎస్సీ పట్టాలు చేతబట్టుకొని ఏళ్ల తరబడి పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న యువకులకు జిల్లాలో కొదవ లేదు. వారిలో చాలామంది ఇళ్లలో రెండు బర్రెలో, ఒక గొర్రెల మందో ఉంటుంది. గాలికుంటు, గొంతువాపు సోకి కళ్లెదుటే పశువు పడిపోతే ఆ కుటుంబం ఏడాది సంపాదన పోయినట్లే. ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట ప్రాంతాల్లోని తండాల వారికి ఈ కష్టం కొత్త కాదు. 2017లో గొర్రెల పంపిణీ మొదలయ్యాక గొల్ల, కురుమల ఇళ్లలో మందలు పెరగడంతో చిటుక రోగం, నీలినాలుక వ్యాధి వంటి వాటికి వైద్యం చేసేవారి అవసరమూ పెరిగింది. ఈ నేపథ్యంలో సంబంధం లేని డిగ్రీ చదివినవారు పశువైద్యం వైపు మళ్లవచ్చా అన్నది తరచూ వినిపించే ప్రశ్న. మళ్లవచ్చు, కానీ దగ్గరి దారి లేదు.

మళ్లీ మొదటి నుంచే..
పశువైద్యుడు కావాలంటే బీవీఎస్సీ అండ్ ఏహెచ్ పట్టా తప్పనిసరి. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఇది అయిదున్నరేళ్ల కోర్సు. ఇదివరకే డిగ్రీ ఉంది కదా అని నేరుగా రెండో ఏటికి చేర్చుకునే విధానం లేదు. బీఎస్సీలో జంతుశాస్త్రం చదివినవారైనా మొదటి ఏడాది తరగతిలో ఇంటర్ పూర్తి చేసి వచ్చిన పిల్లల పక్కన కూర్చోవలసిందే.

ప్రవేశానికి డిగ్రీ మార్కులను చూడరు. ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఆంగ్లం చదివి ఉండాలి. రాష్ట్రంలోని సీట్లను ఎప్‌సెట్ ర్యాంకు ఆధారంగా, అఖిల భారత కోటాలోని 15 శాతం సీట్లను నీట్ ర్యాంకుతో వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ద్వారా భర్తీ చేస్తారు. సీఈసీ, హెచ్‌ఈసీ చదివినవారికి చిక్కు ఇక్కడే వస్తుంది. ఇంటర్‌ను జీవశాస్త్రంతో మళ్లీ రాయాలనుకునేవారు ఆ ధ్రువపత్రాన్ని విశ్వవిద్యాలయం అంగీకరిస్తుందో లేదో లిఖితపూర్వకంగా తెలుసుకున్నాకే ఫీజు కట్టడం మేలు.

అసలు అడ్డంకి వయసు. ప్రవేశ ప్రకటనలో గరిష్ఠ వయోపరిమితి ఉంటుంది, రిజర్వేషన్ వర్గాలకు కొంత సడలింపునిస్తారు. శిక్షణ కేంద్రాల ప్రచారంలో ఈ సంగతి కనిపించదు. లక్షలు పోసి ఏడాది కోచింగ్ తీసుకున్నాక వయసు దాటిందని తెలిస్తే చేసేదేమీ ఉండదు. 21 ఏళ్లకు డిగ్రీ ముగించి మరుసటి ఏడాది సీటు సాధించినా పట్టా చేతికి వచ్చేసరికి 27, 28 ఏళ్లు వస్తాయి. అంతకాలం పోషించే స్తోమత ఇంట్లో ఉన్నదా అని ముందే లెక్క చూసుకోవాలి.

రాష్ట్రంలో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. మన జిల్లా వారికి కోరుట్ల, రాజేంద్రనగర్ అందుబాటులో ఉంటాయి. కొలువుల సంగతికి వస్తే, 2022 డిసెంబరులో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ 185 పశువైద్య సహాయ శస్త్రచికిత్సకుల పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ఇటువంటి ప్రకటనలు ఏటా రావు.

కామారెడ్డిలోనే ఓ అవకాశం
ఎంపీసీ చదివినవారు ముందుగా కామారెడ్డి డెయిరీ టెక్నాలజీ కళాశాల వైపు చూడవచ్చు. ఇదీ పశువైద్య విశ్వవిద్యాలయానిదే. నాలుగేళ్ల బీటెక్ కోర్సు. ఇది వైద్యం కాదు, పాల శుద్ధి, నాణ్యత పరీక్ష, ఉత్పత్తుల తయారీకి సంబంధించిన చదువు. ఇంటి ముంగిట ఉన్నా మన పిల్లల్లో చాలామందికి దీని గురించి తెలియకపోవడం విచారకరం. పదో తరగతి అర్హతతో పాలిసెట్ ద్వారా చేరే రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా కూడా ఉంది కానీ దానికీ వయోపరిమితి వర్తిస్తుంది.

వయసు దాటినవారికి గ్రామంలోనే ఉండి చేసే పనులున్నాయి. గోపాలమిత్రలు కృత్రిమ గర్భధారణ సేవలు అందిస్తున్న సంగతి రైతులకు తెలిసిందే. కేంద్రం రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ‘మైత్రి’ పేరుతో మూడు నెలల శిక్షణ ఇప్పిస్తోంది. ఎద లక్షణాలు గుర్తించడం, ద్రవ నత్రజనిలో వీర్యనాళికలు భద్రపరచడం, గర్భధారణ సూది వేయడం ఇందులో నేర్పుతారు. జీతం ఉండదు, చేసిన పనిని బట్టే రాబడి.

సూది పట్టగానే డాక్టర్ కారు
1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదైన పశువైద్యులు మాత్రమే వైద్యం చేయాలి. డిప్లొమా, ధ్రువపత్రం ఉన్నవారు ప్రభుత్వ అనుమతితో, వైద్యుని పర్యవేక్షణలో ప్రాథమిక సేవలకే పరిమితం కావాలి. ఆరు నెలల కోర్సుతో ‘పశువైద్యుడు’ బోర్డు పెట్టుకోవచ్చని చెప్పే సంస్థలను నమ్మరాదు. మోతాదు తెలియకుండా యాంటీబయాటిక్ సూదులు పొడిస్తే పశువు ప్రాణానికి ముప్పు, ఆ మందు అవశేషాలు పాలలోకీ చేరతాయి.

చదివిన చదువు వృథా కాకుండా ఈ రంగంలోకి వచ్చినవారూ లేకపోలేదు. గిండీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన వర్గీస్ కురియన్ 1949లో ఆనంద్‌కు చేరి దేశ పాడి పరిశ్రమ రూపునే మార్చారు. మన రాష్ట్రంలో ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివి, అమెరికాలో పీహెచ్‌డీ చేసిన ఇందుకూరి కిశోర్ ఇంటెల్ కొలువు వదిలి హైదరాబాద్ సమీపంలో 20 ఆవులతో పాడి మొదలుపెట్టారు. బీకాం వారికి లెక్కలు వచ్చు. పాల కేంద్రం నడపడానికి అదీ ఒక పెట్టుబడే. కేంద్ర జాతీయ పశుసంపద మిషన్ 2021లో సవరించిన నిబంధనల మేరకు గొర్రెలు, మేకల యూనిట్లకు గరిష్ఠంగా రూ.50 లక్షలు, గ్రామీణ కోళ్ల యూనిట్లకు రూ.25 లక్షల వరకు పెట్టుబడిలో 50 శాతం రాయితీ ఉంది. శిక్షణ లేదా అనుభవం చూపాలి, బ్యాంకు రుణమో సొంత నిధులో ఉండాలి.

నీట్ సాధారణంగా మే నెలలో జరుగుతుంది. ఎప్‌సెట్ ప్రకటన అంతకు రెండు, మూడు నెలల ముందే వెలువడుతుంది కాబట్టి జనవరి నాటికే ఇంటర్ మెమో, పుట్టిన తేదీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోవాలి.