మూడు నెలల ఒట్టు

తాగుబోతు ఒట్టంటే మనవాళ్ళు నవ్వుతారు. ‘ఒట్టు తీసి గట్టున పెట్టు’ అన్న మాట ఊరికే పుట్టలేదు గదా! అయితే గట్టెక్కిన ఒట్టు కథ ఒకటి మా విద్యార్థులకు చెబుతుంటాను.

ఐర్లండులో, డబ్లిన్ నగరంలో మాట్ టాల్బట్ అనే కూలివాడుండేవాడు. 1856లో పుట్టాడు. 12వ ఏట సారా వర్తకుని వద్ద పనికి కుదిరి తాగుడు మరిగాడు. వీధిలో ఫిడేలు వాయించుకు బతికే పేదవాడి ఫిడేలు కూడా కాజేసి తాగేశాడు! 1884లో ఒకనాడు చేతిలో కాణీ లేక దుకాణం బయట నిలబడితే, తాను తాగించిన నేస్తాలలో ఒక్కడూ లోపలికి రమ్మనలేదు. నాడే మతగురువు ఎదుట ఒట్టు పెట్టుకున్నాడు. ఎన్నాళ్ళకు? మూడు నెలలకే! తరువాత ఆరు నెలలకు, ఆపైన జన్మకంతటికీ.

తాగుడుకు పోయే సాయంకాలాలను ప్రార్థనకిచ్చాడు. తెల్లవారుజామున చర్చికి పోయి, ఆ తరువాతే పనికి వెళ్ళేవాడు. పాత బాకీలన్నీ తీర్చాడు. ఫిడేలువాడు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఆ సొమ్ముతో అతని పేర పూజలు చేయించాడు.

1925లో చర్చికి పోతూ దారిలో కూలి మరణించేదాకా, నలభై ఏళ్ళకు పైగా, చుక్క ముట్టలేదు. 1975లో పోపు ఆరవ పాల్ అతణ్ణి పూజ్యుడని ప్రకటించారు.

జన్మంతా అంటే జడిసేవాడు, మూడు నెలలంటే ఒప్పుకోవచ్చునేమో!