బొమ్మయా? బొరుసా?

ఆటలో గెలుపోటములు సహజములని మనము పిల్లలకు నిత్యము బోధించుచునే యుందుము. కాని గెలిచినవారెవరో తేల్చవలసిన పెద్దలే నియమము తప్పినచో ఆ పిల్లలకు మనమేమి చెప్పవలెను? 2024వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి ఢాకా నగరమున ఈ చిక్కు నిజముగనే వచ్చిపడినది. ఆ వృత్తాంతము ఫుట్‌బాలు ఎఱుగని యిల్లాండ్రును తెలిసికొనదగినదని తలచి ఇచ్చట వ్రాయుచున్నాము.

దక్షిణాసియా ఫుట్‌బాలు సమాఖ్యయను సంస్థ యొకటి కలదు. దానిని సాఫ్ అని పిలుతురు. భారతదేశము, బంగ్లాదేశము, నేపాలము, భూటానము, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్థానము అందు చేరిన దేశములు. ఈ సంస్థ పెద్దలకేగాక బాలికలకును వయస్సులనుబట్టి పోటీలు జరుపుచున్నది. 2017లో ఢాకాలో పదునైదేండ్లలోపు బాలికలకు జరిగిన పోటీయందు బంగ్లా బాలికలు మన పిల్లలను ఒక్క గోలుతో ఓడించిరి. మఱుసటియేడు భూటాను రాజధానియగు థింపూలో మనవారును ఒక్క గోలుతోనే గెలిచి బాకీ తీర్చుకొనిరి. నాటినుండి ఈ రెండు జట్లును తోడికోడండ్రవలె ఒకరిని మించవలెనని ఒకరు పట్టుదలతో ఆడుచునే వచ్చినవి.

2024లో పందొమ్మిదేండ్లలోపువారి పోటీ మరల ఢాకాలోనే జరిగెను. బంగ్లాదేశము, భారతదేశము, నేపాలము, భూటానము అను నాలుగు దేశముల బాలికలు వచ్చిరి. మనవారు భూటానుపై పది గోలులు వేసిరి. బంగ్లాదేశముతో ఆడినపుడు మాత్రము ఒక గోలుతో ఓడిరి. తుది ఆటకు ఈ రెండు జట్లే మిగిలెను.

కమలాపూర్ మైదానమున ఆట మొదలైన ఎనిమిదవ నిమిషముననే మన శిబానీదేవి గోలు వేసెను. ఆపైని గంటకు మించి బంగ్లా బాలికలు ఎంత పెనగినను ఫలము లేకపోయెను. తొంబది నిమిషములును నిండెను. మధ్యలో పోయిన కాలమునకు బదులుగా రిఫరీ యిచ్చిన కొలది నిమిషములలో సాగరిక యను బాలిక బంతిని వలలోనికి పంపెను. ఇరువురును సమానమైరి.

ఇట్టి సమయమున పెనాల్టీ తన్నులతో జయము తేల్చుట ఆచారము. పండ్రెండు గజముల దూరమున బంతినుంచి, గోలు కాచువారు తప్ప వేఱెవరును అడ్డులేకుండ, జట్టునకు అయిదుగురు చొప్పున వంతులవారీగ తన్నుదురు. అప్పటికిని సమానమైనచో ఒక్కొక్కరుగా సాగించి, ఎవరు తప్పిన వారి జట్టు ఓడినట్లు ఎంతురు. ఆ రాత్రి ఎవరును తప్పలేదు. అయిదుగురు వేసిరి, పదిమంది వేసిరి, తుదకు గోలు కాచు బాలికలును వచ్చి వేసిరి. ఇరువది రెండు తన్నులు, ఇరువది రెండు గోలులు! వేలమంది చూచుచుండగా, గుండెలు దడదడలాడుచుండగా, అంతమంది పిల్లలలో ఒక్కరి కాలైనను తడబడలేదన్న మాట చదివినపుడు మాకు ఒడలు పులకరించినది.

ఆపైని జరుగవలసినది స్పష్టము. అందఱి వంతులును ముగిసిన పిదప మరల మొదటినుండి రెండవ వరుస తన్నవలెనని ఫుట్‌బాలు శాసనము చెప్పుచున్నది. కాని ఆటకు పర్యవేక్షకుడుగ నున్న అధికారి నాణెమెగురవేసి తేల్చుడనెను! బొమ్మయా, బొరుసాయని వేయగా అదృష్టము భారతమును వరించెను. మన పిల్లలు సంతోషముతో గంతులు వేసిరి. బంగ్లా బాలికలు మైదానము విడువక న్యాయము కోరి నిలిచిరి. ప్రేక్షకులు కేకలు వేసిరి, సీసాలు విసరిరి. అంతట ఆ అధికారి తన మాటను మార్చుకొని, తన్నులు మరల సాగింపుడనెను. ఒకసారి గెలిచితిమని చెప్పించుకొన్న మనవారు అందుల కొడంబడక మైదానమునుండి వెడలిపోయిరి. చాలసేపటికి పెద్దలు కూడి మాటలాడి ఉభయులును విజేతలేయని ప్రకటించిరి.

నాణెమెగురవేయుట మొదటినుండియు అన్యాయమని అనరాదు. ఒకప్పుడు అదియే పద్ధతి. 1968లో ఐరోపా పోటీలందు ఇటలీ, సోవియట్ జట్లు నేపిల్స్ నగరమున రెండుగంటలాడినను గోలు పడనందున, నాణెము వేసి ఇటలీకి జయమిచ్చిరి. చెమటయోడ్చి ఆడినవారి ఫలమును నాణెమునకు వదలుట తగదని తలచియే 1970లో పెనాల్టీ పద్ధతిని అంగీకరించిరి. ఏబది యేండ్లక్రిందట లోకము విడిచిన దానిని ఈ పిల్లల నెత్తిన మరల పెట్టుటయే తప్పు. ఇందు బంగ్లా బాలికలకేకాదు, మన బాలికలకును అన్యాయము జరిగినది. కాలిబలముచే గెలువదగిన వారికి నాణెపు గెలుపు నిచ్చి, మరుక్షణమున దానినే లాగికొనిరి.

ఆ పిల్లలు మైదానమునకు వచ్చుటయే యొక జయమని మఱవరాదు. సాగరిక ఠాకూర్‌గావ్ జిల్లాలోని రాణీశంకైల్ ప్రాంతపు పిల్ల. తండ్రి టీ అమ్మి కుటుంబమును పోషించువాడు. ఊరివారి మాటలకు జంకి కూతురాడుట ఆయన మొదట ఒప్పుకొనలేదని పత్రికలు వ్రాసినవి. మైమెన్‌సింగ్ జిల్లాలో మన మేఘాలయ సరిహద్దునకు చేరువనున్న కల్‌సిందూర్ గ్రామపు ప్రాథమిక పాఠశాలనుండి అనేక బాలికలు దేశపు జట్టునకు ఎక్కిరి. వారి కీర్తివలననే ఆ యూరికి విద్యుద్దీపములు వచ్చినవి. అయినను ఆటంకములు తీరలేదు. 2025 జనవరిలో జయపుర్‌హాట్ జిల్లాలో స్త్రీల ఆట కూడదని కొందఱు మైదానపు కంచెను కూలద్రోయగా ఆ పోటీ నిలిచిపోయెను.

మన ప్రాంతమును ఇందుకు దూరము కాదు. నిజామాబాదు జిల్లా పిల్లయగు గుగులోత్ సౌమ్య భారత మహిళా జట్టునకు ఆడినది. 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ జట్టులోనికి పోయినది. ఆడపిల్ల మోకాలికి దెబ్బ తగిలించుకొని వచ్చినచో, "ఎవతె యాడుమన్నది?" అని కసరుటయా, పసుపు అద్ది "ఎన్ని గోలులు వేసితివమ్మా?" యని అడుగుటయా? ఆ యొక్క మాటలోనే ఎందఱో బాలికల భవిష్యత్తు ఇమిడియుండును.

2025 జూలైలో భారత, బంగ్లాదేశముల మహిళా జట్లు రెండును 2026 ఆసియా కప్పు పోటీలకు అర్హత గడించినవి. బంగ్లాదేశమునకు ఆ గౌరవము అదియే మొదటిసారి. ఆ అర్హతను నాణెమేదియు నిర్ణయింపలేదు, ఆడియే సంపాదించుకొనిరి.

పిల్లలు తమ వంతు తప్పక నిర్వర్తింతురు. వారికి మైదానమును, న్యాయమైన నియమమును, ఇంటిలో ఒక మంచి మాటను సమకూర్చుట పెద్దల వంతు. ఢాకాలో ఇరువది యిద్దఱు బాలికలు తప్పని చోట మనము తప్పకుందుము గాక!